మందు దానం మేలు చేయాలంటే
(సంస్థ వార్షిక సభలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



మీ విరాళాలతో ఎందరో బీదలకు మందులు అందుతున్నాయి. అయితే మందును సరిగా వాడితేనే ఆ దానం ఫలిస్తుంది. ఉదాహరణకు సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ మాత్రలనే తీసుకోండి. పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉండే ఈ మందులను ఫ్లోరోక్వినోలోన్లు అంటారు.

కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో, మామూలు మందులకు లొంగని టీబీలో ఇవి ప్రాణం నిలబెడతాయి. జలుబుకు, వైరల్ జ్వరానికి మాత్రం పనిచేయవు. మామూలు విరేచనాలకు ముందు కావలసింది ఓఆర్‌ఎస్.

వీటితో వికారం, తలతిరగడం, నిద్రపట్టకపోవడం కొందరిలో కనిపిస్తాయి. అరుదుగా మడమ వెనుక ఉండే స్నాయువు తెగిపోవచ్చు. 60 ఏళ్లు దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే దీనిపై తీవ్ర హెచ్చరిక చేసింది. వేరే మందు ఉన్నప్పుడు సైనస్, బ్రాంకైటిస్, మామూలు మూత్ర ఇన్ఫెక్షన్లకు వీటిని వాడవద్దని 2016లో చెప్పింది. మడమ నొప్పి, కాళ్లుచేతుల్లో తిమ్మిరి లేదా మంట, గుండెదడ, మనసు గందరగోళం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి.

షుగర్ మాత్రలు వాడేవారికి వీటివల్ల షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రంజాన్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అనారోగ్యంతో ఉన్నవారికి రోజా నుండి మినహాయింపు ఉందని మరువకండి. సహరీలో సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఉత్త పాలతోనో, పెరుగుతోనో వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకోవాలంటే, సిప్రోఫ్లాక్సాసిన్‌ను వాటికి కనీసం 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి.

ఇంకొక సంగతి. రెండు వారాలు దాటిన దగ్గు టీబీ కావచ్చు. పరీక్ష లేకుండా ఈ మాత్రలు వేస్తే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. అసలు జబ్బు బయటపడేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా ఇంట్లోవారికి కూడా అంటుకోవచ్చు. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. రోగిని అక్కడికి చేర్చే ఆటో ఛార్జీ కూడా గొప్ప దానమే.

కనుక దాతలకు నా మనవి: ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను పనివారికి, ఇరుగుపొరుగుకు పంచకండి. ఆ చేత్తోనే ఒక బీద రోగి పరీక్ష ఖర్చు భరించండి. డాక్టరు రాసిన మందును రాసినన్ని రోజులూ పూర్తిగా కొనిపెట్టండి. సగం కోర్సు కొనివ్వడం సగం మేలు కాదు, కీడుకు దారి.