పాత పికప్ బండి చప్పుడు - పొగకారుటను గుర్తించు విధము



హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పికప్ బండినే నమ్ముకొని బ్రతుకువారు కలరు. తెల్లవారకమునుపే పూలను, కూరగాయలను బెంగుళూరు చేర్చవలెను. అట్టి బండి పాతబడి చప్పుడు చేయ నారంభించినచో, "ఇంజను విప్పవలెను" అను మాట వెంటనే వినవచ్చును. విప్పించుటకు ముందు ఆ చప్పుడు ఎచటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుడని మేము మనవి చేయుచున్నాము.

ముఖ్యముగా మూడు విధముల చప్పుళ్లను గుర్తింపవలెను. మొదటిది, చల్లని ఇంజనును నడిపినంతనే "టిక్ టిక్" మని వినవచ్చి, యాక్సిలరేటరు తొక్కినకొలది హెచ్చి, ఇంజను వేడెక్కిన పిదప తగ్గునది. ఇది తరచుగా పొగకారుటకు గుర్తు. ఇంజను హెడ్డుకును ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుకును నడుమనుండు ప్యాకింగు కాలినను, స్టడ్డు విరిగినను సందు ఏర్పడును. పోత ఇనుము వేడికి వ్యాకోచించి ఆ సందును కొంత మూయును. కనుక చప్పుడు తగ్గినంత మాత్రమున లోపము తొలగినదని తలపరాదు. రెండవది, ఇంజను పైమూత క్రిందనుండి వచ్చు ట్యాపెట్ చప్పుడు. మూడవది, బరువు లాగునపుడు అడుగుభాగమున వినవచ్చు మొద్దు శబ్దము. ఇది బేరింగుల అరుగుదల కావచ్చును. దానితోబాటు ఆయిల్ దీపము వెలిగినచో ఇంజనును వెంటనే ఆపవలెను.

పరీక్ష సులభము. ఇంజను చల్లగా నున్నపుడు మ్యానిఫోల్డు అతుకులపై సబ్బునీరు చల్లి, అది వేడెక్కకమునుపే చూడుడు. పొగకారు చోట బుడగలు లేచును. అతుకుల చుట్టును నల్లని మసి చారలున్నవేమో పరికింపుడు. రబ్బరు గొట్టము ఒక కొనను చెవియొద్ద నుంచుకొని, రెండవ కొనను అతుకుల దగ్గర త్రిప్పినచో శబ్దము పుట్టుచోటు తెలియును. ఫ్యానుకు, బెల్టుకు చేయి, వస్త్రము తగులనీయకుడు.

పొగకారుట కేవలము చప్పుడు సంగతి కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును ఆక్సిజనుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. డీజిల్ పొగలో అది పెట్రోలు పొగలోకంటె తక్కువ, అయినను ఉపేక్షింపరాదు. ప్రయాణములో తలనొప్పి, తలతిరుగుట, వాంతి కలిగినచో అలసటయని సరిపెట్టుకొనక, బండి నాపి దిగి, గాలి పీల్చి, వైద్యుని చూడవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును ఎన్నడును నడుపరాదు.

మరమ్మతునందును జాగ్రత్త అవసరము. త్రుప్పుపట్టిన స్టడ్డును బలవంతముగా త్రిప్పినచో విరుగును. త్రుప్పు వదలించు నూనె పోసి నాననీయవలెను. మ్యానిఫోల్డు ముఖము వంగినదేమో స్కేలుబద్దతో చూచి, క్రొత్త ప్యాకింగు వేసి, నట్లను నడుమనుండి అంచులకు క్రమముగా బిగింపవలెను. పైపైన పూసిన పేస్టు అంత వేడికి చిరకాలము నిలువదు.

మెకానిక్కుతో తమిళమున మాటలాడినను, కన్నడమున మాటలాడినను, తెలుగున మాటలాడినను మూడు సంగతులు తప్పక చెప్పుడు: చప్పుడు చల్లనివేళ వచ్చునా, వేడియందు వచ్చునా, బరువుతో హెచ్చునా, ఎచట వినవచ్చును? ఇంతమాత్రము చెప్పగలిగినచో, ప్యాకింగుతో పోవు పనికి ఇంజను విప్పు ఖర్చు తప్పవచ్చును. అంతకంటె ముఖ్యముగా బండిలో కూర్చున్నవారి ప్రాణము నిలుచును.