జపాన్‌లో భాష చదవాలనుకుంటే

మన హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పాస్‌పోర్ట్ తీసుకున్నారంటే చాలాకాలం గల్ఫ్‌కే అనుకునేవాళ్లం. ఇప్పుడు జపాన్ మాటా వినబడుతోంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపనీస్ నేర్పించి అక్కడి ఉద్యోగాలకు పంపుతోంది. సొంత ఖర్చుతో అక్కడి భాషా పాఠశాలలో చేరడం ఇంకో దారి. నేను చెప్పేది దాని గురించే.

భాషకు బెదరకండి. తెలుగులోలాగే జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరనే వస్తుంది. కష్టమంతా రాతలోనే. హిరగానా, కతకానా లిపుల్లో మూల అక్షరాలు 46 చొప్పున. అవి కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. రోజువారీ వాడుకకు గుర్తించిన కాంజీ లిపి గుర్తులు మాత్రం 2,136, వాటికి ఏళ్లు పడుతుంది.

భాషా పాఠశాలల్లో తరగతులు ఎక్కువగా ఒక పూటే. మిగిలిన పూట చాలామంది కిరాణా స్టోర్లోనో, హోటల్ వంటింట్లోనో పనిచేస్తారు. అనుమతి ఉన్నా వారానికి 28 గంటలే, పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. గంటలు మించినా, హాజరు తగ్గినా వీసా పొడిగింపు చిక్కుల్లో పడుతుంది. ఆ సంపాదనతోనే ఫీజూ అద్దే అన్నీ గడిచిపోతాయనే ఏజెంటు మాట నేనైతే నమ్మను. అన్నట్టు, కొన్ని ఇళ్లకు అడ్వాన్సు కాక యజమానికి తిరిగిరాని డబ్బు కూడా ఇవ్వాలి.

ఇల్లు కుదిరిన 14 రోజుల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా రాయించుకోవాలి. ఆరోగ్య బీమాలో చేరితే వైద్య ఖర్చులో సాధారణంగా 30 శాతమే మీది.

జపనీస్ ప్రావీణ్య పరీక్ష జులైలో, డిసెంబరులో జరుగుతుంది. అందులో తొలి మెట్టు ఎన్5. అది ఇక్కడే పాసై, ఆ తర్వాతే ఫీజు కట్టండి.