చిన్నపిల్లలకు సైన్సులో ఏం నేర్పాలి?



మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు సైన్సులో ఏం నేర్పాలి? హాస్టల్ పిల్లలతో ఉంటున్న మేము చెప్పేది ఇదే: చూడడం, అడగడం, సరిచూసుకోవడం. ఆకు చూసి చెట్టును, కూత విని పిట్టను చెప్పే మన పిల్లలకు చూడడం ఇంట్లోనే వచ్చింది. మిగతా రెండూ మనం అందించాలి.

మన ఏజెన్సీని పీడించే మలేరియానే తీసుకోండి. ఆ క్రిమి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. ఇది బట్టీ పట్టిస్తే మార్కులొస్తాయి, జ్వరాలు ఆగవు. వాగు అంచున నిలిచిన నీటిలో కదిలే పురుగులను గాజు సీసాలో పట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి పిల్లల ముందు పెట్టండి. నీటిపైన పడుకున్నట్టు తేలేది అనాఫిలస్ లార్వా, మలేరియా దోమ జాతి. తలకిందులుగా వేలాడేది వేరే జాతి. వారం పది రోజుల్లో అది దోమ అవుతుంది. అప్పుడు గుడ్డ విప్పకుండా సీసాను ఎండలో పెట్టేయండి. కళ్లారా చూసిన పిల్ల దోమతెరను మరిచిపోదు. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించమని తనే అడుగుతుంది.

సెలవులకు ఊరొచ్చినప్పుడు మీరూ ఒక సీసా పెట్టండి. పిల్లలు అడిగితే విసుక్కోకండి. తెలియకపోతే "కలిసి చూద్దాం" అనండి.

జై ఆదివాసీ!