పొగకు విడిచిన త్రోవ



పూర్వము తెలుగిండ్లలో వంటయింటి కప్పునకు పొగగూడు ఉండెడిది. కట్టెలపొయ్యి ముందు కూర్చుండు ఇల్లాలి కన్నులకు అదియే రక్ష. అట్టి పొగగూడే యొకటి, మిక్కిలి పెద్దది, ఇంగ్లండులోని విండ్సరు కోటయందు శతాబ్దముల తరబడి ఉండియు దాని ప్రాచీనత గుర్తింపబడక యుండెను. దానిని వెలికిదెచ్చినది ఒక అగ్నిప్రమాదము.

1992వ సంవత్సరము నవంబరు 20వ తేదీన, కోటలోని రాజకుటుంబపు ప్రార్థనామందిరమున విద్యుద్దీపపు వేడిమికి తెర అంటుకొనెను. మంటలు చల్లారుటకు 15 గంటలు పట్టెను. 115 గదులు దెబ్బతినెను. మహాపాకశాలయు వానిలో నొకటి.

ఆ పాకశాల మిక్కిలి పురాతనమైనదని అందఱు నెఱుగుదురు. కప్పు మాత్రము, నాలుగవ జార్జి కాలమున వాయట్‌విల్ అను వాస్తుశిల్పి చేయించిన మార్పులలోనిదని పెక్కురు తలచిరి. ప్రమాదానంతరము పరిశీలింపగా, ఆ కొయ్యపని మధ్యయుగము నాటిదని తేలెను. కప్పు నడుమ లేచిన గోపురమే ఆనాటి పొగగూడు.

పొయ్యికొక గొట్టము అమర్చుటకు మాఱుగా, గదినంతటిని గొట్టముగా భావించుట ఆ కాలపు పద్ధతి. వేడిగాలి తేలిక గనుక పొగను వెంటగొని పైకి పోవును. కప్పు ఎంత ఎత్తయిన, వంటవారి తలలకు పొగ అంత దూరమున నిలుచును. ఇట్టి గోపురముల ప్రక్కలయందు సందులు విడిచి, ఏటవాలు పలకలు బిగించెడివారు. అవి పొగను పోనిచ్చును, వానను రానీయవు. అయితే గాలి యెదురుతిరిగిననాడు పొగ వెనుకకు మఱలును. ఈ బాధ తీర్చుటకే గోడపొయ్యియు, దానిపై ఇటుక గొట్టమును ప్రచారమునకు వచ్చెను. విండ్సరు పాకశాలలో వాయట్‌విల్ గొట్టములును, వానికి పూర్వపు గోపురమును నేడు ఒక్కచోటనే చూడవచ్చును.

సెయింటు జార్జి శాల కప్పు కాలిపోయినందున దానికి క్రొత్త ఓకు కప్పు నిర్మించిరి. పాకశాలలో పాత గోపురమును నిలుపుకొనిరి. సుమారు 3 కోట్ల 65 లక్షల పౌండ్ల వ్యయముతో కోట పునరుద్ధరణ 1997లో ముగిసెను.

ఆ కప్పు క్రొత్తదియే యను నమ్మకముతో కూల్చివేసినయెడల, మంట మిగిల్చినదానిని మనుష్యుడే పోగొట్టియుండెడివాడు. మన యూళ్లలోని పాత కట్టడములను బాగుచేయించువారు గునపము ఎత్తుటకు ముందు, ఒక్కమాఱు తలయెత్తి కప్పువంక చూడవలెను.