యంత్రశాలలో గాలి నడక

బ్యాంకులోని మన పద్దు, రైలులోని మన బెర్తు, దూరదేశమున నున్న బిడ్డ పంపిన ఛాయాచిత్రము – ఇవన్నియు నేడు డేటా సెంటర్లనబడు యంత్రశాలలలో భద్రమై యున్నవి. అచ్చట బీరువాలవలె వరుసలు తీరిన కంప్యూటర్లు రేయింబవళ్లు పనిచేయును. అవి గ్రహించు విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిగా మారును. ఆ వేడిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో యంత్రములు కొలది నిమిషములలోనే ఆగిపోవచ్చును.

అందుచేత పెక్కు శాలలలో అసలు నేలపై కొంత ఎత్తున మరియొక నేల నమర్తురు. శీతలయంత్రము ఈ రెండు నేలల నడుమకు చల్లగాలిని త్రోయును. పైనేలలోని చిల్లుల పలకలగుండ ఆ గాలి పైకి వచ్చి, కంప్యూటర్ల ముందువైపున ప్రవేశించి, వెనుకనుండి వేడిగాలియై వెలువడును. ప్రవేశించు గాలి 18 నుండి 27 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ నుండుట మేలని ‘ఆష్రే’ యను అమెరికా ఇంజనీర్ల సంఘము సూచించినది.

ఇచ్చట నొక వింత గలదు. కాలువ మొదటి తూమునకు నీరు సమృద్ధి, చివరి పొలమునకు కొరత యని మన రైతు లెరుగుదురు. యంత్రశాలలో తరచుగా ఇది తలక్రిందగును. శీతలయంత్రము ప్రక్కనున్న పలకకే గాలి తక్కువ! నేలక్రింద గాలి మిక్కిలి వేగముగా దూసికొనిపోవుచోట పైకి నెట్టు పీడనము స్వల్పము. ఒక్కొక్కప్పుడు గదిలోని గాలియే ఆ చిల్లులగుండ క్రిందికి దిగును. దూరమున వేగము తగ్గి, పీడనము హెచ్చి, గాలి పైకుబుకును. చల్లగాలి చాలనిచోట కంప్యూటర్లు వెనుకనుండి వెలువడిన వేడిగాలినే మరల పీల్చును.

కంటికి కానరాని ఈ నడకను ముందుగా తెలిసికొనుట ఎట్లు? ప్రవాహసూత్రములను 1822లో నేవియే, 1845లో స్టోక్స్ ప్రతిపాదించిరి. అవి చేతిలెక్కకు సులభముగా లొంగవు. 1972లో భారతీయ ఇంజనీరు సుహాస్ పటాంకర్, ఆచార్య స్పాల్డింగ్ కలసి కంప్యూటరునకు అనువైన గణనపద్ధతిని ప్రకటించిరి. శాలను లెక్కలో వేలకొలది చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి వేగమును, పీడనమును, వేడిని గణింతురు. పటాంకరే తరువాత డేటా సెంటర్ల గాలిని గూర్చి పరిశోధించి, 2010లో విపులమైన వ్యాసము ప్రకటించెను.

పలకను మార్చిన నేమగును? తీగలకై కోసిన సందు మూసిన నేమగును? నడుచుచున్న శాలలో ఇట్టి పరీక్ష ప్రమాదకరము, లెక్కలో నిరపాయము. అయితే లెక్కకు మన మెరిగించిన శాలయే తెలియును. పటములో చూపని తీగల మోపు నేలక్రింద అడ్డుపడియున్నచో జవాబు తప్పును. కావున అక్కడక్కడ ఉష్ణమును, గాలిని కొలిచి సరిచూడవలెను.

2024లో ప్రపంచ విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాలు డేటా సెంటర్లే వినియోగించెనని అంతర్జాతీయ ఇంధనసంస్థ అంచనా. ఒక మూల వేడెక్కినదని శాల నంతటిని అతిగా చల్లబరచుట అందులో కొంత వ్యర్థము చేయుటయే. మరియొక శీతలయంత్రమును కొనుటకు ముందు, ఉన్న చల్లగాలి ఎటు పోవుచున్నదో విచారించుట వివేకము.