గురక పెట్టే మనిషి హాయిగా నిద్రపోతున్నట్టేనా?

ఈరోజు ఎపిసోడ్ మా నాన్నతో మొదలవుతుంది. ఆయన సరే అన్నాకే చెప్తున్నాను.

మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. నాన్న అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎక్కించుకుని రాజమండ్రి వైపు వ్యాన్ నడుపుతారు. ఆయన గురక వీధి చివరికి వినిపిస్తుంది. ఎవరైనా అడిగితే అమ్మ, "ఆయ్, అలిసిపోయిన మనిషండి, ఒళ్లు తెలీకుండా పడుకుంటారు" అంటుంది. నేనూ అదే అనుకునేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లి ఆయన పక్క మంచం మీద పడుకున్నాను. రాత్రి 2 గంటలకి గురక ఠక్కున ఆగిపోయింది. నేను లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చినా ఊపిరి లేదు! తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి గాలి పీల్చి, మళ్లీ గురక. ఫోన్‌లో రికార్డ్ చేసి పొద్దున్నే వినిపిస్తే, "అది నేను కాదురా" అన్నారు. కాసేపయ్యాక మాత్రం మెల్లగా ఇంకో మాట చెప్పారు. రావులపాలెం వంతెన మీద ఒకసారి, స్టీరింగ్ పట్టుకునే ఉండగా, కన్ను మూతపడిందట.

దీన్ని స్లీప్ యాప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే ఒకటిగా లెక్క. గంటకి సగటున 30 దాటితే తీవ్రమైనదే.

మరి ఊపిరి ఆగినప్పుడు లోపల ఏం జరుగుతుంది? ఇది చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. నండూరి ప్రభాకర్. షికాగో యూనివర్సిటీ సైంటిస్ట్. అంతకుముందు క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్ట్రన్ రిజర్వ్ యూనివర్సిటీలో పనిచేశారు. ఏళ్లకేళ్లు ఆయన పట్టుకున్న వస్తువు ఎంతుంటుందో తెలుసా? బియ్యపు గింజంత! పేరు కెరోటిడ్ బాడీ. మెడలో రెండు పక్కలా, తలకి రక్తం తీసుకెళ్లే ధమని రెండుగా చీలే చోట ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మెదడుకి కబురు పంపేది ఇదే.

2003లో ఆయన బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఎలుకలకి 15 సెకన్లు ఆక్సిజన్ తక్కువ గాలి, తర్వాత 5 నిమిషాలు మామూలు గాలి. ఇలా రోజుకి 8 గంటలు, 10 రోజులు. అచ్చం యాప్నియా మనిషి రాత్రిలాగే. ఆ తర్వాత చూస్తే, ఆక్సిజన్ మామూలుకి వచ్చినా ఆ గింజ కబుర్లు పంపుతూనే ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రాబ్లమ్ క్లియర్ అయినా అలర్ట్ ఆగట్లేదు. ఆ అలర్ట్ బీపీని కూడా పెంచుతుంది. ఎలుకల్ని మళ్లీ 10 రోజులు మామూలు గాలిలో ఉంచితే మాత్రం అది సర్దుకుంది. నాకు ధైర్యం ఇచ్చింది ఈ చివరి ముక్కే.

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ గింజలో రెండు వాయువులు పనిచేస్తాయని చూపించారు. కార్బన్ మోనాక్సైడ్ దాన్ని శాంతంగా ఉంచుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ రెచ్చగొడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వేసేది, అదే! మొదటిది తయారుచేసే ఎంజైమ్ లేని ఎలుకలకి నిద్రలో ఊపిరి ఆగుతోందనీ, రెండోదాన్ని అడ్డుకుంటే అది తగ్గుతోందనీ 2017లో రాశారు. ఇదంతా ఎలుకల మీద పని, మందుల షాపుకెళ్లి మాత్ర అడగకండి.

ఇప్పుడు ట్విస్ట్. నాన్న డాక్టర్ దగ్గరికి వెళ్లింది గురక కోసం కాదు, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని. ఆ పళ్ల డాక్టర్ చిగుళ్లు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి నోరు తెరిచి పడుకుంటారా? గురక ఉందా?"

ఎందుకంటే లాలాజలం మన నోటికి కాపలా. రాత్రంతా నోటితో ఊపిరి పీలిస్తే అది ఆరిపోతుంది, పాచిలో సూక్ష్మజీవులకి పండగే. యాప్నియా ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. ఒకటి రెండోదానికి కారణమని తేల్చేయకూడదు. వయసు, షుగర్, పొగ, బరువు, ఇవన్నీ రెండింటికీ తోడవుతాయి. కానీ ఒకటి ఉంటే రెండోది కూడా చూపించుకోవడం తెలివైన పని.

నాన్నకి టెస్ట్ చేయించాం. గంటకి 34. "మూతికి మాస్కేంటిరా, నేనేమన్నా ఐసీయూలో ఉన్నానా" అని వారం రోజులు గొడవ. ఇప్పుడు సీపాప్ మిషన్ పెట్టుకునే పడుకుంటున్నారు. పళ్లు క్లీన్ చేయించుకున్నారు. మధ్యాహ్నం డ్రైవింగ్‌లో ఆవలింతలు తగ్గాయంటున్నారు. అమ్మ మాత్రం, "ఇల్లు బోసిగా ఉందండి, నిద్ర పట్టట్లేదు" అంటోంది!

మీకు చిన్న పని. ఈ రాత్రి ఇంట్లో గురక పెట్టేవాళ్లని రెండు నిమిషాలు వినండి. గురక మధ్యలో ఆగుతోందా? ఆగితే వాళ్లకి చెప్పి రికార్డ్ చేసి డాక్టర్‌కి వినిపించండి. ముఖ్యంగా పొద్దున్నే స్టీరింగ్ పట్టుకునేవాళ్లయితే అస్సలు ఆలస్యం చేయకండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.