తలంటి – తెలిసి పోసుకుందాం



మనం తలంటి అనేదాన్ని కన్నడంలో ఎణ్ణె స్నాన అంటారు, తమిళంలో ఎణ్ణెయ్ కుళియల్ అంటారు, మరాఠీవారు అభ్యంగ స్నాన్ అంటారు. కన్నడిగులతో కలిసి చేసుకునే ఉగాదికైనా, తమిళులతో కలిసి చేసుకునే దీపావళికైనా తలంటి లేనిదే మనకు పండుగ మొదలుకాదు. అయితే ఇది పండుగల కోసం పుట్టిన ఆచారం మాత్రమే కాదు.

వాగ్భటుడి అష్టాంగహృదయంలో సూత్రస్థానం రెండో అధ్యాయం పేరే దినచర్య. ఒంటికి నూనె రాసుకోవడం రోజూ చేయదగిన పని అని అందులో ఉంది. అలసట తగ్గుతుందనీ, నిద్ర బాగా పడుతుందనీ, చర్మానికి మంచిదనీ చెప్పాడు. ముఖ్యంగా తల, చెవులు, పాదాలు మరవవద్దన్నాడు. వేడినీళ్ళు ఒంటికి బలం, తలమీద పోస్తే జుట్టుకూ కళ్ళకూ చేటు అన్నాడు. కాబట్టి తలకు గోరువెచ్చని నీళ్ళే వాడండి.

ఎప్పుడు వద్దో కూడా ఆ అధ్యాయమే చెబుతుంది. అజీర్ణం చేసినప్పుడు, కఫం ఎక్కువైనప్పుడు నూనె పనికిరాదు. భోజనం చేసిన వెంటనే, విరేచనాలు పట్టుకున్నప్పుడు స్నానమే వద్దు. “శనివారం కదా” అని పడిశం పట్టిన పిల్లవాడికి తలంటి పోయడం శాస్త్రం చెప్పిన మాట కాదు.

అమ్మలారా, అమ్మమ్మలారా! పసిబిడ్డకు నూనె రాసి మెల్లగా కాళ్ళూ చేతులూ సాగదీయండి, మంచిదే. ముక్కులో మాత్రం నూనె చుక్క వేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వంటి ప్రమాదం వస్తుంది. చెవుల్లోనూ పోయవద్దు, పైన తమ్మెలకు రాస్తే చాలు. చెవి కారుతుంటే డాక్టరుకు చూపించండి. నోట ఊదడం, ముక్కులోకి ఊదడం కూడా మానండి.

పెద్దవాళ్ళకు మరొక జాగ్రత్త. నూనె కాళ్ళతో స్నానాలగది బండమీద అడుగు వేస్తే జారుతుంది. తుంటి ఎముక విరిగితే మంచం పట్టాల్సి వస్తుంది. పీటమీద కూర్చోబెట్టి, సున్నిపిండితో నలిచి, అరికాళ్ళ జిడ్డు పూర్తిగా వదిలాకే లేవనివ్వండి. కుంకుడు రసం పోసేటప్పుడు పిల్లల కళ్ళు మూయించండి.

రోజూ ఒళ్ళంతా కుదరనివారు రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు నాలుగు చుక్కల నువ్వులనూనె మర్దించుకోండి. దానికి అయిదు నిమిషాలు చాలు. పెద్దలిచ్చిన అలవాటును నిలుపుకుందాం, దాని హద్దులు తెలుసుకుని నిలుపుకుందాం.